ఏడు వందల ముప్పై అయిదేళ్ళ పూచీ

ఆ పదంతస్తుల ఆఫీసులో లిఫ్టు ఆగదు. ఆగదంటే నిజంగానే ఆగదు. పొద్దున ఎనిమిదింటికి మొదలైతే సాయంత్రం ఆరింటి దాకా తిరుగుతూనే ఉంటుంది. తలుపులుండవు, మీటలుండవు. పక్కపక్కనే రెండు గోతులుంటాయి. ఒకదాంట్లో చెక్క గదులు ఒకదాని వెనక ఒకటి పైకి పోతుంటాయి, రెండోదాంట్లో కిందికి దిగుతుంటాయి. గది మన ముందుకి వచ్చినప్పుడు అడుగు వేసి ఎక్కాలి, మన అంతస్తు రాగానే అడుగు వేసి దిగాలి. గదులన్నీ ఒకే గొలుసుకి వేలాడుతుంటాయి. దీన్ని పీకేసి మామూలు లిఫ్టు పెడతామని పైవాళ్ళు పదేళ్ళుగా అంటున్నారు. అనడానికేం, ఎన్నైనా అంటారు.

దాన్ని ముప్పై నాలుగేళ్ళుగా చూసుకుంటున్న మేస్త్రీని ఆఫీసులో అందరూ పళ్ళ డాక్టరంటారు. ఆయన చూసేది చక్రాల పళ్ళు. సొంత నోట్లో నాలుగు ఊడిపోయి ఏళ్ళయినా కట్టించుకునే తీరిక దొరకలేదు, అది వేరే సంగతి. పదో అంతస్తు మీద, ఇనుప నిచ్చెన ఎక్కి వెళ్ళే మిషన్ గదిలోనే ఆయన పగలంతా గడిచేది. గొలుసుని లాగే పెద్ద చక్రం అక్కడుంది. దాని ముందు నిలబడితే ఎంత పొడుగు మనిషైనా పొట్టివాడైపోతాడు. పదిహేడేళ్ళప్పుడు నూనె పొయ్యడానికి చేరి, పెద్ద మేస్త్రీ దగ్గర తిట్లు తింటూ పని నేర్చుకున్నాడు. నాలుగో తరగతితో బడి మానేసిన వాడికి కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారం తప్ప ఇంకో లెక్క రాదు. కానీ ఆ నాలుగూ ఆయనకి వచ్చినట్టు ఆ భవనంలో మరొకరికి రావు. కాగితం, పెన్సిలు అక్కర్లేకుండా కళ్ళు మూసుకుని ఎంత పెద్ద అంకెనైనా హెచ్చవేసేవాడు.

భార్యది అదే ఆఫీసు. ఎనిమిదో అంతస్తులో రికార్డు రూము. ఫైళ్ళు తీసివ్వడం, తిరిగి సర్దడం ఆవిడ పని. రోజుకి పాతికసార్లు లిఫ్టు ఎక్కి దిగేది. పెళ్ళయిన పన్నెండేళ్ళకి పుట్టిన కూతురు ఒక్కతే, ఆరో తరగతి. ఇంట్లో దాన్ని చిన్నది అంటారు, పెద్దది లేకపోయినా.

ఇక అసలు సంగతి. నాలుగు నెలల కిందట ఒక రోజు పొద్దున పది నలభైకి ఇద్దరు కూలీలు, ఎవరికీ చెప్పకుండా, ఒక ఇనప బీరువాని లిఫ్టులో ఎక్కించారు. బీరువా మూల అంగుళం బయటికుంది. ఆరో అంతస్తు గట్టుకి అది తట్టుకుంది. పై నుంచి కింద దాకా భవనం ఒక్కసారి కుదిపినట్టయింది. బీరువా కాగితంలా నలిగింది. కూలీలకి దెబ్బలతో పోయింది, అదృష్టవంతులు. మేస్త్రీ గొలుసు ఆపి, దీపం పట్టుకుని అంగుళం అంగుళం వెతికాడు. గొలుసులో ఒక లింకు పిన్ను వెంట్రుక మందాన పగిలింది. ఆ కుదుపుకే పై చక్రానికి ఒకటి, అడుగు చక్రానికి ఒకటి, గొలుసుని బిగించి ఉంచే రెండు చక్రాలకి ఒక్కోటి, మొత్తం నాలుగు పళ్ళ అంచులు రాలిపోయాయి.

అలాంటి గొలుసు ఇప్పుడెవరూ చెయ్యరు. కొత్తది ప్రత్యేకంగా చేయించి తేవడానికి ఆరు నెలలు పడుతుందన్నారు. అప్పటిదాకా పదంతస్తులు మనుషులు మెట్లెక్కుతారా అని సూపరింటెండెంటు తల పట్టుకున్నాడు. లిఫ్టు నడపొచ్చా, నడపకూడదా, ఏదో ఒకటి రాసిమ్మని మేస్త్రీని అడిగాడు.

ఆ తరవాత రెండు రోజులు మేస్త్రీకి అన్నం సయించలేదు. భయపడ్డాడు. పగిలిన పిన్ను కళ్ళు మూసుకున్నా కనిపించేది. ఒక్కో దెబ్బ విడిగా ఏమీ చెయ్యదని ఆయనకి తెలుసు. పగిలిన లింకు మంచి పన్ను మీద కూర్చుంటే పర్వాలేదు, విరిగిన పన్ను మీదికి మంచి లింకు వచ్చినా పర్వాలేదు. కానీ గొలుసు ఒక లింకు జరిగితే నాలుగు చక్రాలూ ఒక్కో పన్ను తిరుగుతాయి. అలా తిరిగి తిరిగి ఎప్పుడో ఒకప్పుడు ఆ అయిదు దెబ్బలూ, బీరువా తట్టుకున్న క్షణాన ఎక్కడున్నాయో సరిగ్గా అక్కడికే, ఒకేసారి వస్తాయి. అప్పుడు ఆ కుదుపే మళ్ళీ వస్తుంది. పగిలిన పిన్ను రెండోసారి తట్టుకోదు.

ఎప్పుడొస్తాయి? దానికి పెద్ద మేస్త్రీ నేర్పిన లెక్క ఉంది. ఎన్ని పళ్ళుంటే అన్నిటినీ ఒకదాంతో ఒకటి హెచ్చవెయ్యమనేవాడు. గొలుసుకి ఏడు వందల ఎనభై లింకులు. చక్రాలకి నూట ఎనిమిది, ఎనభై నాలుగు, అరవై ఆరు, యాభై ఒక్క పళ్ళు. మేస్త్రీ కళ్ళు మూసుకుని హెచ్చవేశాడు. రెండు వేల మూడు వందల ఎనభై ఒక్క కోట్ల ఎనభై మూడు లక్షల యాభై నాలుగు వేల అయిదు వందల అరవై వచ్చింది. సెకనుకి మూడు లింకుల చొప్పున రోజుకి లక్షా ఎనిమిది వేలు నడుస్తుంది గొలుసు. సెలవులు పోను ఏడాదికి మూడు వందల రోజులు. అంటే ఏడు వందల ముప్పై అయిదేళ్ళు. ఆ అంకె చూసుకున్నాకే ఆయనకి ఊపిరాడింది. గొలుసు రావడానికి ఆరు నెలలేగా! లిఫ్టు నిక్షేపంగా నడపొచ్చని రాసి సంతకం పెట్టాడు.

అంతటితో ఊరుకున్నాడా? ఊరుకుంటే ఆయన పళ్ళ డాక్టరెందుకవుతాడు. ఆ అంకెని ఎర్ర రంగుతో మిషన్ గది గోడ మీద రాయించాడు. క్యాంటీన్లో దానితో గారడీ మొదలుపెట్టాడు. ఒకటి నుంచి పద్దెనిమిది లోపు ఏ అంకైనా చెప్పండి, దీన్ని భాగిస్తే శేషం మిగలదు అనేవాడు. ఒకరు ఏడనేవారు, ఇంకొకరు పదమూడనేవారు, మరొకరు కావాలని పదిహేడనేవారు. కాగితం మీద భాగించి చూస్తే సున్నాయే. అంకెలన్నీ కూడితే నలభై అయిదు, అందుకే తొమ్మిదితో పోతుందని పాఠం కూడా చెప్పేవాడు. పంతొమ్మిదో అని ఎవరైనా అంటే అది మన చుట్టం కాదని నవ్వేవాడు. ఎటు కోసినా సమానంగా తెగే అంకె, ఇంత మంచి అంకె లోకంలో ఉండదని ఆయన మురిపెం.

భార్య ఒక్కతే లిఫ్టు ఎక్కడం మానేసింది. ఆ కుదుపు రోజున ఆవిడ మూడో అంతస్తులో, లిఫ్టు గదిలోనే ఉంది. లిఫ్టు మళ్ళీ మొదలయ్యాక నాలుగు రోజులు ఫైళ్ళు చంకనేసుకుని మెట్లెక్కింది. పళ్ళ డాక్టరు పెళ్ళామే లిఫ్టు ఎక్కకపోతే ఇంకెవరు ఎక్కుతారని క్యాంటీన్లో మాటలు పడ్డాయి. మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఆవిడని కూర్చోబెట్టి అంకె మొత్తం రాసి చూపించాడు. ఏడు వందల ముప్పై అయిదేళ్ళు, మన మునిమనవల మునిమనవలు కూడా ముసలివాళ్ళయి పోతారు, అప్పటిదాకా దానికేం కాదని బుజ్జగించాడు. ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. నాకీ లెక్కలేం తెలుస్తాయి, మీరు చెప్తున్నారు కాబట్టి ఎక్కుతానంది. మర్నాటి నుంచి ఎక్కింది.

లిఫ్టు మళ్ళీ మొదలైన రోజు కాక, అలా ఎనభై నాలుగు పని రోజులు నడిచింది.

ఎనభై అయిదో రోజు మేస్త్రీ సెలవు పెట్టాడు. చిన్నదానికి మధ్యాహ్నం లెక్కల పరీక్ష, దగ్గర కూర్చుని చదివించాలని. భార్య ఏడున్నరకే ఆఫీసుకి వెళ్ళిపోయింది. మిషన్ గదిలో అసిస్టెంటున్నాడు. తండ్రీ కూతుళ్ళు టేబుల్ దగ్గర పుస్తకం ముందేసుకున్నారు. పదింబావుకి చిన్నది ఒక లెక్క చదివింది. ఒక గంట పన్నెండు నిమిషాలకోసారి మోగుతుంది, ఇంకో గంట పద్దెనిమిది నిమిషాలకోసారి. రెండూ ఇప్పుడే కలిసి మోగాయి. మళ్ళీ కలిసి మోగేదెప్పుడు?

మేస్త్రీ నవ్వాడు. ఇది మన లెక్కేనే, పన్నెండు పద్దెనిమిదులు రెండు వందల పదహారు, రెండు వందల పదహారు నిమిషాలకి అన్నాడు.

"కాదు నాన్నా, ముప్పై ఆరుకే" అంది చిన్నది.

"ముప్పై ఆరేంటే? పెన్సిలు పట్టుకుని సరిగా వెయ్యి."

"వెయ్యక్కర్లేదు, చూడు. మొదటిది పన్నెండు, ఇరవై నాలుగు, ముప్పై ఆరు. రెండోది పద్దెనిమిది, ముప్పై ఆరు. కలిశాయిగా? రెండింట్లోనూ ఆరు ఉంది నాన్నా. ఇద్దరిలో ఉన్నదాన్ని ఒక్కసారే లెక్కపెట్టాలి, రెండుసార్లు కాదు. దీన్నే క.సా.గు. అంటారు."

మేస్త్రీ వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకున్నాడు. ముప్పై ఆరే. పెద్ద మేస్త్రీ లెక్క తప్పా? ముప్పై ఏళ్ళు ఆ లెక్క తప్పలేదే! అప్పుడు గుర్తొచ్చాయి పాత చక్రాలు. వాటికి నూట తొమ్మిది, ఎనభై మూడు, అరవై ఏడు, యాభై మూడు పళ్ళుండేవి. వంకర అంకెలు, ఒకదానిలో ఉన్నది మరొకదానిలో లేని అంకెలు. అలాంటివాటిని హెచ్చవేస్తేనే సరిపోతుంది. ఆ చక్రాలు చేసినవాళ్ళు కావాలనే అలా పెట్టారు, విరిగిన చోట్లు తొందరగా కలుసుకోకూడదని. ఆ ఒక్క ముక్కా చెప్పకుండానే పెద్ద మేస్త్రీ పోయాడు. ఎనిమిదేళ్ళ కిందట చక్రాలు అరిగిపోతే కొత్తవాటికి కొలతలిచ్చింది ఎవరనుకున్నారు, మన మేస్త్రీయే. చక్రానికి మూడు ఆకులు, అదే ఊచలు, కదా, ప్రతి రెండాకుల మధ్యా సమానంగా పళ్ళుంటే చూడ్డానికీ గుర్తు పెట్టుకోడానికీ బాగుంటుందని ఒకటీ రెండూ పెంచీ తగ్గించీ, అన్నీ మూడుతో పోయేలా రాసిచ్చాడు. పొందికగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు కూడా.

"చిన్నీ, ఇంకో లెక్కిస్తాను, చేసిపెట్టు" అన్నాడు. అయిదు అంకెలూ చెప్పాడు.

చిన్నది సంబరంగా కాగితం తిప్పి, ఒక్కో అంకెనీ రెళ్ళూ మూళ్ళూ అయిదులూ చేసి విడగొట్టింది. ఏడు ఒక్కదానిలోనే ఉంది, పదకొండు ఒక్కదానిలోనే, పదమూడు, పదిహేడు కూడా అంతే, మిగతావన్నీ మళ్ళీ మళ్ళీ వచ్చినవే నాన్నా అంటూ కొట్టేసుకుంటూ పోయింది. పెన్సిలు గీత పడినప్పుడల్లా మేస్త్రీకి గుండెలో ఏదో తెగిపోతున్నట్టుంది. చివరికి తొంభై ఒక్క లక్షల ఎనభై తొమ్మిది వేల నూట ఎనభై అని రాసి కింద రెండు గీతలు గీసింది.

ఆయన రోజుకి లక్షా ఎనిమిది వేలతో భాగించాడు. ఎనభై అయిదు రోజుల యాభై ఒక్క నిమిషాలు.

నమ్మబుద్ధి కాక గోడ మీది పెద్ద అంకెని ఈ చిన్న అంకెతో భాగించి చూశాడు. శేషం లేదు. రెండు వేల అయిదు వందల తొంభై రెండుసార్లు పోయింది. అంటే ఏడు వందల ముప్పై అయిదేళ్ళకి ఒక్కసారి కాదు, ఆ లోపల రెండు వేల అయిదు వందల తొంభై రెండుసార్లు. ఎటు కోసినా తెగుతుందని తను మురిసిపోయిన గుణమే ఇది. అన్ని ముక్కలయ్యే అంకె కాబట్టే అన్నిసార్లు కలుస్తాయి. జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీశాడు. గొలుసు మీటరు రీడింగు రోజూ సాయంత్రం అందులో రాసుకుంటాడు. బీరువా తట్టుకున్న క్షణాన నలభై లక్షల పన్నెండు వేల మూడు వందల ఆరు. దానికి తొంభై ఒక్క లక్షల చిల్లర కలిపాడు. నిన్న సాయంత్రం రీడింగు తీసేశాడు. మిగిలింది ముప్పై ఏడు వేల ఎనిమిది వందలు. మూడున్నర గంటల నడక. పొద్దున ఎనిమిదింటి నుంచి.

పదకొండున్నరకి. ఈ రోజే. గడియారం పది నలభై రెండు చూపిస్తోంది.

భార్యకి ఫోను చేశాడు. రికార్డు రూములో ఫోన్లు సొరుగులో పెట్టెయ్యాలని రూలు. మోగి మోగి ఆగిపోయింది. అసిస్టెంటుకి చేశాడు, మిషన్ చప్పుడులో వాడికెక్కడ వినబడుతుంది. సూపరింటెండెంటుకి నాలుగోసారికి తగిలింది. లిఫ్టు వెంటనే ఆపించండి సార్, మనుషుల్ని దించెయ్యండి అని మేస్త్రీ తడబడుతూ చెప్పాడు.

"ఏమయ్యా మేస్త్రీ, ఏడొందల ముప్పై అయిదేళ్ళన్నది నువ్వేగా? సంతకం కూడా పెట్టావు. నాలుగు నెలలు కాలేదింకా."

"తప్పు సార్, లెక్క తప్పు. మా అమ్మాయి చేసింది, క.సా.గు. వెయ్యాలట."

అవతల నవ్వు వినిపించింది. హాలు నిండా జనం ఉన్నారని, ఆరో క్లాసు పిల్ల మాట విని ఆఫీసు ఆపలేనని, మధ్యాహ్నం వస్తే కూర్చుని మాట్లాడదామని ఆయన ఫోను పెట్టేశాడు. ఆయన్ననీ లాభం లేదు. మేస్త్రీ మాటే మేస్త్రీ కాళ్ళకి అడ్డం పడింది.

పక్కింటావిడని చిన్నదాని దగ్గర కూర్చోమని, మేస్త్రీ స్కూటరు తీశాడు. దారిలో రైలు గేటు పడింది. గూడ్సు బండి, పెట్టె తరవాత పెట్టె, అంతు లేకుండా పోతోంది. ఆయన పెట్టెలు లెక్కపెట్టడం మొదలెట్టి, ఏం చేస్తున్నానా అని తనని తానే తిట్టుకున్నాడు. భార్య ఇప్పుడు ఏ అంతస్తులో ఉండి ఉంటుంది, ఎన్నోసారి ఎక్కి ఉంటుంది, ఇదే ఆలోచన. నేను ఎక్కించాను, నేనే ఎక్కించాను అని పైకే గొణుక్కున్నాడు. పక్కన సైకిలు మీదున్నాయన ఎగాదిగా చూశాడు.

ఆఫీసు చేరేసరికి పదకొండు ఇరవై రెండు. ఒకప్పుడు ప్రతి అంతస్తులోనూ ఎర్ర మీట ఉండేది, నొక్కితే గొలుసు ఆగేది. ఆకతాయిలు నొక్కుతున్నారని నిరుడు అన్నిటికీ వైర్లు తీయించేశారు. ఇప్పుడు ఆపాలంటే మిషన్ గదిలో పెద్ద స్విచ్చి ఒక్కటే దిక్కు. లిఫ్టు ఎదురుగానే తిరుగుతోంది. ముప్పై నాలుగేళ్ళు తన చేతుల్లో తిరిగిన దాన్ని ఎక్కడానికి మేస్త్రీకి కాళ్ళు రాలేదు. మెట్ల వైపు పరిగెత్తాడు.

అయిదో అంతస్తుకి వచ్చేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. మెట్ల కమ్మీ పట్టుకుని రొప్పుతుంటే, కిందికి దిగే గోతిలో ముందు చెప్పులు, తరవాత చీర అంచు, తరవాత ఫైళ్ళ కట్ట, ఆ పైన భార్య ముఖం కనిపించాయి. ఆయన్ని చూసి ఆవిడ, సెలవన్నారుగా, ఎందుకొచ్చారన్నట్టు కళ్ళెగరేసింది.

"దిగు! దిగిపో! ఏ అంతస్తొస్తే అక్కడ దిగిపో!" అని అరిచాడు.

ఆ రొప్పులో ఏ మాటా సరిగ్గా రాలేదు. ఆవిడకి అర్థమైంది ఒక్కటే, ఆయన ముఖంలో రక్తం లేదని. గది ఆవిణ్ణి కిందికి తీసుకుపోయింది.

ఆవిడ వెనక కిందికి పరిగెత్తాలా, స్విచ్చి కోసం పైకి పోవాలా? గడియారం పదకొండు ఇరవై ఆరు. ఇంకో అయిదంతస్తులు ఎక్కే ఓపిక ఆ కాళ్ళకి లేదు. మేస్త్రీ కళ్ళు గట్టిగా మూసుకుని, పైకి పోయే గదిలో అడుగు పెట్టాడు. నిమిషం పట్టింది పదో అంతస్తుకి. ఆ నిమిషమంతా తల మీద గొలుసు చప్పుడు వింటూ, ప్రతి టక్కుకీ గోడకి ఒరిగిపోయాడు. దిగి, ఇనుప నిచ్చెన ఎక్కి, నూనె డబ్బా పట్టుకుని నిలబడ్డ అసిస్టెంటుని పక్కకి తోసి, స్విచ్చి మీద రెండు చేతులూ వేసి లాగాడు.

చక్రం ఆగింది. పగిలిన లింకు, తను సుద్దతో గుర్తు పెట్టింది, ఇంకా పైకి రాలేదు. మీటరు చూసి తీసివేశాడు. ఇంకా నాలుగు వందల పదకొండు లింకులు మిగిలాయి. రెండు నిమిషాల పదిహేడు సెకన్లు.

గోతిలోంచి కేకలు వినిపించాయి. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య పదకొండు మంది ఇరుక్కున్నారు. నిచ్చెనలు తెచ్చి ఒక్కొక్కరినీ దించుతూ పైకొచ్చారు. ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఉన్న గదిలో, పైకి పోయే గోతిలో, మేస్త్రీ భార్య ఉంది. కిందికి పోయిన మనిషి ఇక్కడికెలా వచ్చింది? ఆయన ముఖం చూసి భయపడి, ఆయనకేమైందోనని రెండో అంతస్తులో దిగి, ఇటు పక్కకొచ్చి మళ్ళీ ఎక్కిందిట. ఫైళ్ళు ఇంకా గుండెకి హత్తుకునే ఉంది.

సూపరింటెండెంటు మెట్లెక్కి వచ్చాడు, మండిపడుతూ. ఏం జరిగిందో చూపించమన్నాడు. చూపించడానికేముంది, ఏమీ జరగలేదు. లిఫ్టు బాగానే ఉంది, జనం నిలబడున్నారు, నడిపించమన్నాడు. మేస్త్రీ చేతులు జోడించాడు. నడుపుతాను సార్, కానీ ఖాళీగా, ప్రతి అంతస్తులోనూ జనాన్ని దూరంగా జరిపించాక, రెండున్నర నిమిషాలు మాత్రం అన్నాడు. ఆయన ముఖంలో ఏం చూశాడో గానీ సూపరింటెండెంటు సరేనన్నాడు. కింద అడుగు గదిలో కూడా ఎవరూ లేరని అసిస్టెంటు వెళ్ళి చూసొచ్చాడు.

మేస్త్రీ స్విచ్చి వేసి గోడకి ఆనుకున్నాడు. మీటరు తిరిగింది. మూడు వందలు. రెండు వందలు. సూపరింటెండెంటు చేతి గడియారం చూసుకుంటున్నాడు. ఏమీ కాకూడదని మేస్త్రీ మనసులో వేడుకున్నాడు. ఏదో ఒకటి జరిగితే బాగుండునని కూడా అనిపించింది, అనిపించినందుకు సిగ్గేసింది. నలభై. పది. సుద్ద గుర్తున్న లింకు పెద్ద చక్రం మీదికి ఎక్కి, విరిగిన పన్ను మీద కూర్చుంది. కింది నుంచి కుదుపు వచ్చింది. ఆ కుదుపుని ఆయన బీరువా రోజున విన్నాడు. పిన్ను తెగింది.

గొలుసు కొస పామై లేచి గోడని కొట్టి గోతిలోకి జారిపోయింది. ఖాళీ గదులన్నీ ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు పదంతస్తులు దిగేదాకా ఆగలేదు. పెద్ద చక్రం ఊరికే తిరుగుతోంది. కింది నుంచి దుమ్ము లేచి మిషన్ గది నిండా పరుచుకుంది.

ముందు తేరుకున్నది సూపరింటెండెంటు. మేస్త్రీ రెండు భుజాలూ పట్టుకుని, నీ లెక్క ఇంతమంది ప్రాణాలు కాపాడిందయ్యా, నీ గురించి నేను పైకి రాస్తానన్నాడు. మెట్ల మీద గుమిగూడినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"నా లెక్క కాదు సార్" అన్నాడు మేస్త్రీ. "నా లెక్క వల్లే వీళ్ళంతా ఇన్నాళ్ళూ ఎక్కారు. చక్రాల కొలతలూ నేనిచ్చినవే. రాస్తే అది కూడా రాయండి."

చప్పట్లు ఆగిపోయాయి. సూపరింటెండెంటు భుజాల మీద చేతులు తీసేసి, సరే, రేపు ఆఫీసుకి రా, మాట్లాడదామని దిగిపోయాడు. ఒక్కొక్కరే దిగిపోయారు.

భార్య పదో అంతస్తు మెట్టు మీద కూర్చునుంది. మేస్త్రీ వచ్చి ఒక మెట్టు కింద కూర్చున్నాడు. ఆవిడ ఆయన వైపు తిరిగింది. ఎంత మిగిలి ఉండగా ఆపారని అడిగింది. రెండు నిమిషాల పదిహేడు సెకన్లని చెప్పాడు. ఆవిడ తలూపింది.

మళ్ళీ ఆవిడే అడిగింది.

"ఆ రోజు, ఆఫీసుకి రాసిచ్చిన రోజు, మీకు భయం వేసిందా?"

అబద్ధం చెప్పే ఓపిక ఆయనకి లేదు.

"వేసింది. రెండు రోజులు అన్నం తినలేదు. అంత పెద్ద అంకె వచ్చాకే కాస్త తగ్గింది. ఆ లెక్క నీకోసం వేసింది కాదు. ముందు నాకోసమే వేసుకున్నాను."

ఆవిడ ఫైళ్ళ కట్టని పక్కన పెట్టింది.

"ఆ ముక్క చెప్పారా నాకు? లెక్క నాకెలాగూ తెలీదు. భయమేస్తోందని చెప్పుంటే నేను ఎక్కేదాన్ని కాదుగా."